ఆరుబయటి రూపచిత్రములు: పురవర్ణన లేని ప్రబంధములు

సంఘమువారు ఈ సంచికకై వ్యాసమొకటి వ్రాయుమని కోరినపుడు, బెంగుళూరున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల గృహచరిత్రమును గూర్చి వ్రాయవలెనని మొదట తలచితిని. అందులకై మా యింటి అటకమీది ఇనుపపెట్టెను దింపించితిని. అందులో పాత ఫోటోలు నలుబదికి పైగా ఉన్నవి. మా తాతగారు బి.ఏ. పట్టము పుచ్చుకొన్ననాడు తలపాగాతో, నల్లని గౌనుతో నిలిచి తీయించుకొన్న చిత్రము వానిలో అన్నిటికంటె పెద్దది. ఆయన వెనుక ఒక పాలరాతి స్తంభము, దానికి ప్రాకిన తీగె, దూరమున ఒక సరస్సు కలవు. ఆ సరస్సు ఏ ఊరిదియు కాదు. అది గుడ్డపై రంగులతో వ్రాసిన తెర. మా తల్లిదండ్రులు పెండ్లియైన నెలలో తీయించుకొన్న చిత్రమున వెనుక మేడమెట్లున్నవి, అవియు గుడ్డయే.

అన్ని చిత్రములలోను మేము ఏ ఊర, ఏ వీధిలో కాపురముంటిమో చెప్పగలది ఒక్కటే. చుట్టమెవరో బాక్సు కెమేరాతో, చేయి వణకగా, మా గుమ్మము ముందు నిలిచిన కొత్త దంపతులను తీసినది అది. ముఖములు చెదరినవి. కాని ద్వారబంధముమీద తెలుగున చెక్కిన అక్షరములు, ప్రక్క అంగడికి వ్రేలాడు కన్నడపు పలక, వీధికొళాయి చుట్టు బిందెలు స్పష్టముగా నున్నవి. గృహచరిత్రమునకు నాకు అక్కరకు వచ్చినది ఆ చెడిపోయిన చిత్రము మాత్రమే.

ఆ పెట్టె మూసిన మరునాడే మా పేటలోని యువకుడొకడు, వృత్తిచే ఛాయాగ్రాహకుడు, తాను తీసిన చిత్రములను చూచి అభిప్రాయము చెప్పుమని నాయొద్దకు వచ్చెను. ఇంట తెలుగు, వీధిలో కన్నడము మాటలాడు మనవారి బిడ్డయే. పట్టము పుచ్చుకొను విద్యార్థులను, పెండ్లి కుదిరిన జంటలను స్టూడియోలోగాక తోటలందును, పాత కట్టడముల ముందును నిలిపి తీయుట ఇతని పని. ఒక సంవత్సరపు చిత్రములను నేను చూచితిని; అయిదారు మారులు వెంటబోయి పని జరుగు తీరును గూడ గమనించితిని. గృహచరిత్రము ప్రక్కకు జరిగి ఈ విమర్శ దాని స్థానమును ఆక్రమించుటకు కారణమిది. నా దృష్టిలో ఈ రెండును వేరువేరు విషయములు కావు.

ఛాయాచిత్రకళ పుట్టుకనాటి స్థితిని కొంచెము జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. 1839లో పారిస్ నగరమున డాగేరు పద్ధతి లోకమునకు వెల్లడియైనది. తొలినాళ్ల పలకలకు నిమిషములకొలది వెలుతురు కావలసియుండెను. 1851లో తడి కొలోడియను పద్ధతి వచ్చినపిమ్మట అది సెకండ్లకు దిగినది. అయినను కూర్చున్నవారు కదలరాదు. తల చలింపకుండ వెనుకనుండి ఇనుప ఊత నొకదానిని అమర్చెడివారు. మన పెద్దల పాత చిత్రములందు కనబడు ఆ బిగువును గాంభీర్యమనియు, భయమనియు పలువురు పలువిధములుగా చెప్పుదురు. అందు చాల భాగము ఆ యింటి యలవాటే. ఇనుప ఊత పోయినను అది నిలుపు తీరు చాలకాలము పోలేదు. స్టూడియో కప్పునకు అద్దములు వేసి ఉత్తరపు వెలుతురును లోనికి దించుకొనెడివారు. వెలుతురు లోనికి వచ్చినది గాని తోట రాలేదు. అందుచేత తోటను గుడ్డపై వ్రాయించి తెచ్చుకొనిరి. నేడు వేయింట నొకవంతు సెకండులో చిత్రము పడుచున్నది. మనుష్యులే తోటకు పోవుచున్నారు. ఇంతచేసి, తోటలో తీసిన చిత్రమున తోట కనబడకుండుటయే చిత్రము!

ఇది వట్టి చమత్కారమని చదువరులు భావింపకుందురుగాక. మన ఆలంకారికులు విభావమును రెండుగా విభజించిరి. రసమునకు ఆశ్రయమైన నాయికానాయకులు ఆలంబనము. ఉద్యానము, చంద్రోదయము, మలయమారుతము మొదలగునవి ఉద్దీపనము. భట్టుమూర్తి నరసభూపాలీయమును చదివినవారికి ఇది చేతిలోని విషయమే. ఆలంబనము లేనిచో రసమునకు నిలుచుటకు చోటు లేదు. ఉద్దీపనము లేనిచో అది వికసింపదు. మన ప్రబంధకవులు ఈ మర్మము నెరిగినవారగుటచేతనే అష్టాదశ వర్ణనలను పెంచి పోషించిరి. నాయకుడు రంగమున అడుగుపెట్టుటకు ముందే పురవర్ణన చేసిరి. ఆ పురము, అందలి కోట, తోట, వీధులు మన కన్నుల గట్టిన పిమ్మటనే వాని పేరు చెప్పిరి. మనుష్యుని అతని ఊరినుండి విడదీసి చూపుట అసంపూర్ణమని వారి యెరుక. ఆరుబయటి రూపచిత్రము సరిగా ఈ ప్రబంధమార్గమునకు చెందినది. ముఖమొక్కటే కావలెనన్నచో నాలుగు గోడల నడుమ అంతకంటె చక్కగా తీయవచ్చును.

ఇక ఇతని చిత్రములు. మొదట విద్యార్థులవి.

వెలుతురును ఇతడు బాగుగా ఎరుగును. బెంగుళూరు సుమారు 13 అక్షాంశమున నున్నది. ఏప్రిలు 24, ఆగస్టు 18 ప్రాంతముల మధ్యాహ్నవేళ సూర్యుడు నడినెత్తిన నిలిచి మనుష్యునికి నీడయే లేకుండ చేయును. అట్టి వెలుతురులో కనుగుంటలు చీకటిగుంటలగును. ముక్కు నీడ పెదవిపై పడును. ఇతడు తెల్లవారిన గంటన్నరలోపలను, ప్రొద్దుక్రుంకుటకు ముందు గంటలోను పనిచేయును. ఎండ ముదిరినచో వానచెట్ల క్రింది నీడకు పోవును. పచ్చికనుండియు ఆకులనుండియు తిరిగివచ్చు వెలుతురు ముఖమునకు ఒకవిధమైన పసరురంగు పులుమునని ఎరిగి, తెల్లని థర్మోకోలు పలకను చెక్కిళ్లకు ఎదురుగా పట్టించి దానిని తీసివేయును. మన ఛాయ గలవారిని తెల్లబరచి చూపు దురభ్యాసము ఇతనికి లేదు. చామనచాయ చామనచాయగానే, దానిలోని వెచ్చదనము చెడకుండ నిలిచినది. ఈ యొక్క గుణమునకే ఇతనిని మెచ్చుకొనవలెను.

ఒక చిత్రమున సెంట్రల్ కాలేజీ రాతికట్టడము ముందు ఒక బాలిక గౌను ధరించి నిలిచియున్నది. ఆమె ముఖమున అలసట, గెలుపు రెండును కలిసి యున్నవి. రాత్రులు మేల్కొని చదివిన కన్నులవి. నవ్వుమని చెప్పి తెప్పించిన నవ్వు కాదు. నవ్వు ముగిసిన తరువాతి క్షణమును పట్టినాడు. ముఖచిత్రణమునకు ఇంతకుమించి అడుగరాదు. కాని ఆమె వెనుక నున్నదేమి? బూడిదరంగు మరక. అందు రెండు మూడు వెలుగుచుక్కలు. అది సెంట్రల్ కాలేజీయని ఇతడు చెప్పగా నమ్మితిని. మధురలోని రైల్వేస్టేషను అన్నను నమ్మియుందును.

ఆ మరక లోపల నున్న దేదియో మనవారికి తెలియకపోదు. 1858లో పాఠశాలగా మొదలై కాలేజీగా ఎదిగిన విద్యాస్థానమది. ముద్దేనహళ్లి తెలుగింట పుట్టి, మోక్షగుండము పేరును ఇంటిపేరుగా మోసికొని వచ్చిన విశ్వేశ్వరయ్యగారు అక్కడ చదివి మదరాసు విశ్వవిద్యాలయపు పట్టము పుచ్చుకొనిరి. 1928 మార్చి 16వ తేదీన సి. వి. రామన్ గారు కాంతి చెదరుటలో తాము కనుగొన్న క్రొత్త విశేషమును విద్వత్సభకు వివరించినది ఆ ఆవరణముననే. వెలుతురును గూర్చిన అంతటి మాట పుట్టిన చోట, వెలుతురుతో పనిచేయువాడు ఆ చోటునే చెరిపివేసినాడు. ఆ బాలిక కుటుంబములో కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడబిడ్డ ఆమెయే. ముప్పది యేండ్లకు ఆమె కూతురు ఈ చిత్రమును చూచి, అమ్మ ఎక్కడ చదివినదని అడిగినచో చిత్రము నోరు విప్పదు.

ఈ మాట ఇతనితో అన్నపుడు ఇతడిచ్చిన సమాధానమును ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాను: “వాళ్లకు మొగం బాగుండాల సార్. వెనకాల గోడతో వాళ్లకేం పని? వైర్లు, బోర్డులు, కుప్పతొట్టి, దారినపోయేవాళ్లు, అన్నీ పడతాయి. ఇది తెరిస్తే అన్నీ పోతాయి.”

“ఇది” అనగా లెన్సు రంధ్రము. దానిని పెద్దదిగా తెరచినకొలది స్పష్టముగా కనబడు లోతు తగ్గును. 85 మిల్లీమీటర్ల లెన్సును 1.8 వరకు తెరచి రెండు మీటర్ల దూరమున నున్న ముఖమును చూచినచో, స్పష్టమగు లోతు సుమారు 6 సెంటీమీటర్లు మాత్రమే. కనురెప్ప పదునుగా నుండును. చెవి అప్పుడే కరగుట మొదలిడును. కట్టడము గతి చెప్పనక్కరలేదు. అదే పనికి 35 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి, రంధ్రమును 8కి కుదించి, నాలుగు మీటర్ల వెనుకకు జరిగి నిలిచినచో, రెండుంబావు మీటర్ల నుండి పదునెనిమిది మీటర్లవరకు అంతయు తేటపడును. యంత్రము దోషము కాదిది. ఎన్నిక దోషము.

అయినను ఇతని మాటలో నిజము లేకపోలేదు. దారినపోవు మనుష్యుడు తన రూపమును ఇంకొకరి పండుగచిత్రమున చేర్చుమని ఎవరిని కోరలేదు. అతనిని మసకపరచుట మర్యాద. తీగెలు, ప్రకటనపలకలు కన్నును చెదరగొట్టును. కాని చెత్తతొట్టిని దాచుటకు కాలేజీనే దాచుట, ఎలుక దూరినదని ఇల్లు తగులబెట్టుట వంటిది. నాలుగడుగులు ప్రక్కకు జరిగినచో తొట్టి ఒక స్తంభము వెనుకకు పోయియుండెడిది. ఆనాడు నేను ప్రక్కన నిలిచియే యుంటిని. ఇతడు జరుగలేదు, లెన్సు చక్రమును త్రిప్పినాడు.

గౌనును గూర్చి ఒక మాట. అది అద్దెకు తెచ్చినది. చేతులు పొడవు, భుజములు జారును. 2010లో భోపాలులోని అటవీ యాజమాన్య సంస్థ స్నాతకోత్సవమున అప్పటి కేంద్ర పర్యావరణమంత్రి జైరాం రమేష్ గారు వేదికమీదనే గౌను విప్పివేసి అది వలసపాలన విడిచిపోయిన అవశేషమని నిరసించిరి. ఆయన అప్పుడు ఆంధ్రప్రదేశమునుండి రాజ్యసభ సభ్యులు. 2019లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము స్నాతకోత్సవ వస్త్రములకు చేనేత వాడుమని విశ్వవిద్యాలయములను కోరినది. నేతవృత్తిచే ఈ రాష్ట్రములందు నిలద్రొక్కుకొన్న మనవారికి అది మంచివార్తయే. కాని నల్లగౌను ఇంకను పోలేదు. టోపీలు ఎగురవేయుటయు దానితోపాటే వచ్చినది. ఆ యాచారము 1912లో అమెరికా నౌకాదళ విద్యాలయమున మొదలైనదందురు. పట్టభద్రులకు ఆ టోపీతో ఇక పనిలేదు గనుక వారు ఎగురవేసిరి. మన పిల్లలు అద్దెటోపీని ఎగురవేసి, అది బురదలో పడకుండ పట్టుకొనుటకు పరుగెత్తుచున్నారు! ఇతని సంపుటములో ఎగురు టోపీల చిత్రములు పదునొకండున్నవి. పదునొకండును ఒక్కటే. క్షేమేంద్రుడు ఔచిత్యమును గూర్చి పదునొకండవ శతాబ్దమున చెప్పినదంతయు వీనిముందు వ్యర్థమైనది.

ఆ వరుసలోనే ఒక చిత్రము మాత్రము నన్ను ఆపినది. అందు కుమారుడు తన గౌనును తల్లికి తొడిగి, తాను మామూలు చొక్కాతో ప్రక్కన నిలిచినాడు. ఈ యుపాయము క్రొత్తది కాదు, అందరును చేయుచున్నదే. విశేషమేమనగా ఆమె నవ్వలేదు. గౌను పొడవైన చేతులలోనుండి తన చేతులను వెలికి తీసికొనుటకు ప్రయత్నించుచున్నది. పనిచేయుచేతులు. వాని వెనుక, ఆనాడు వాన మబ్బు పట్టుటచేత ఇతడు వేరొక లెన్సు వాడినాడు గాబోలు, ఉద్యానపు ఇనుపకంచె, దాని కావల నగరపు బస్సు, బస్సుమీద ఊళ్ల పేర్లు కనబడుచున్నవి. ఆమె ఆ బస్సులో వచ్చినది. ఈ చిత్రమునకు వ్యాఖ్యానమక్కరలేదు.

జంటల చిత్రములకు వచ్చునప్పటికి లోపము మరియొక రూపము దాల్చినది.

లాల్‌బాగు తోటకు హైదరాలీ 1760లో అంకురార్పణ చేసెను. అందలి అద్దాలమేడకు 1889లో పునాదిరాయి పడినది. తోట నడుమ నున్న కొండబండ మూడువందల కోట్ల సంవత్సరముల వయస్సు గలదని భూగర్భశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆ బండమీద కెంపేగౌడ వంశీయుల పేర వెలసిన బురుజున్నది. 1537లో ఈ నగరమునకు కోట కట్టించిన కెంపేగౌడ ప్రభువు పేర గంగాగౌరీవిలాసమను తెలుగు యక్షగానము ప్రసిద్ధమై యున్నది. కన్నడ నగరనిర్మాత తెలుగున కృతి చెప్పెననుట రెండు భాషల పొత్తునకు నిదర్శనముగా మన సభలందు పలుమారు విన్నదే. ఈ బండమీద, ఈ బురుజు చెంత, మన తెలుగు జంటను నిలిపినపుడు ఎంతటి ఉద్దీపనము చేతికందినదో చూడుడు!

ఇతడు అచట నలుబది నాలుగు చిత్రములు తీసినాడు. వానిలో సగము నుదురు నుదురు తాకించినవి. కొన్ని అస్తమయకాంతికి ఎదురుగా తీసిన నీడబొమ్మలు. అందు ఇరువురి యాకృతులు నల్లగా నున్నవే గాని ముఖములు లేవు. నీడబొమ్మకు ఏ జంటయైనను ఒక్కటే. ఆలంబనమే పోయినపుడు ఉద్దీపనము ఎవరికొరకు? తక్కినవి డ్రోను చిత్రములు. ఆకాశమునుండి చూడగా బండ విశాలముగా, బురుజు ఆటబొమ్మవలె, వధూవరులు రెండు ఆవగింజలవలె నున్నారు. ఇక్కడ ఊరు మిగిలి మనుష్యులు పోయిరి. దగ్గరకు వచ్చినచో ఊరు లేదు. దూరము పోయినచో జనులు లేరు. నడుమ నున్న మంచి దూరము, ఎదురింటి గుమ్మమునుండి పొరుగువారిని చూచు దూరము, ఇతని కంటబడలేదు.

జంటల నడకలు, చూపులు, చేతులు పట్టుకొను తీరు సినిమాపాటలనుండి వచ్చినవి. అందు తప్పేమియు లేదు. మైసూరు చెంత కృష్ణరాజసాగరపు బృందావనము అన్ని దక్షిణభాషల చిత్రములలో నాయికానాయకులకు విహారభూమియైనది. మన తరమువారమును సిగ్గుపడుచు అచ్చట ఫోటోలు దిగినవారమే. భర్త కుర్చీలో, భార్య ప్రక్కన కుర్చీవీపుపై చేయివేసి నిలుచుండు పాతపద్ధతి పోయినందులకు నేను విచారింపను. ఇప్పటి జంట సమానముగా నిలుచుచున్నది. పిల్ల పండ్లు కనబడునట్లు నవ్వుచున్నది. మా అమ్మగారికి ఆ భాగ్యము లేదు. నా ఆక్షేపణ చనువుపైన కాదు. ఆ చనువు వారిది కాకపోవుటపైన. “నడవండి, ఇప్పుడు చూసుకోండి, ఇప్పుడు నవ్వండి” అను ఆజ్ఞలు అయిదు జంటలకును ఒక్కటే. జంటలు మారినను అనుభావములు మారలేదు.

దంపతులను ఆరుబయట నిలిపి చిత్రించుట పాతవిద్య. ఆంగ్లచిత్రకారుడు గెయిన్స్‌బరో 1750 ప్రాంతమున ఆండ్రూస్ దంపతులను ఒక సిందూరవృక్షము క్రింద చిత్రించెను. పటమున సగము వారిది. సగము కోతకోసిన పొలము. 1972లో జాన్ బెర్జరు అను విమర్శకుడు ఆ పొలము వెనుక నున్న యాజమాన్యగర్వమును ఎత్తిచూపెను. మన తెలుగునేలమీదనే ఇట్టి చిత్రమొకటి కలదు. రాజా దీన్ దయాళ్ గారు (1844–1905) సికింద్రాబాదున స్టూడియో పెట్టి, ఆరవ నిజాముగారి ఆస్థాన ఛాయాగ్రాహకులై, ముసవ్వర్ జంగ్ బిరుదు పొందినవారు. 1902లో వరంగల్లు జిల్లా నెక్కొండ చెంత వేటవిడిదిలో కర్జను ప్రభువును, ఆయన భార్యను, వారి పాదముల ముందు చచ్చిపడియున్న పులితో చిత్రించిరి. ఆ దంపతులకు నెక్కొండ సొంతమా? అయినను నేడు నెక్కొండ పేరు ప్రపంచపు చిత్రశాలల పట్టికలకు ఎక్కినది. ఏలినవారు తాము నిలిచిన చోటును దాచలేదు. తాము లేని చోటునుగూడ తమదిగా చూపుకొనిరి.

మనకు యాజమాన్యము అక్కరలేదు. సాక్ష్యము కావలెను. 1914లో జర్మనీలో ఆగస్టు సాండరు అను ఛాయాగ్రాహకుడు నృత్యమునకు పోవుచున్న ముగ్గురు యువకర్షకులను దారిలో ఆపి తీసినాడు. వారి వెనుక మట్టిబాట, చదునైన పొలము తప్ప వేరేమియు లేదు; అదియు కొంత మసకయే. అయినను క్రొత్త కోట్లు తొడిగిన ఆ పల్లెటూరివారు ఎక్కడనుండి బయలుదేరి ఎక్కడకు పోవుచున్నారో ఆ బాట చెప్పుచున్నది. మసక దోషము కాదు. ఊరిని మాటలాడనీయని మసకయే దోషము.

ఇతని సంపుటములో నాకు అన్నిటికంటె నచ్చిన జంటచిత్రమును ఇతడు లెక్కలోనికే తీసికొనలేదు. లాల్‌బాగునకు బయలుదేరుటకు ముందు, వెలుతురు పరీక్షించుటకై, వరుని యింటి ముందర తీసినదట. కబ్బన్‌పేట సందు, నేతపనికి పేరొందిన పేట. ఆ యింట మగ్గము పోయి చాలకాలమైనది. సందు ఇరుకగుటచేత ఇతనికి వెనుకకు పోవ వీలులేక వెడల్పు లెన్సు తగిలింపవలసి వచ్చినది. వధూవరులు ఇంకను ఏ ఆజ్ఞను వినలేదు గనుక తోచినట్లు నిలిచినారు; అతడు చెప్పులు సవరించుకొనుచున్నాడు, ఆమె అతని భుజముపై చేయి ఆనించి ఎవరితోనో ఏమో చెప్పుచున్నది. ఎవరితోనన్న, గుమ్మములో నిలిచిన అవ్వతో. అవ్వ చేతిలో దృష్టి తీయుటకు ఉప్పు, ఎండుమిరపకాయలు. ఒక స్కూటరు ముందుచక్రము ఎడమప్రక్కనుండి దూరినది. గుమ్మముపైన కన్నడమున ఇంటి సంఖ్య, దానిక్రింద తెలుగున వేంకటేశ్వరుని నామము. సందు చివర ఒక చీలిక యాకాశము. శృంగారమున్నది, వాత్సల్యమున్నది, ఊరున్నది. స్కూటరు చక్రమును ఇతడు తప్పుగా చూపెను. నేనది ఉండవలెనంటిని.

ఈ మాట బెంగుళూరునకు మాత్రమే చెందదు. మదరాసు మెరీనా తీరమున సెనేటుభవనము కలదు. బరంపురము వారికి గోపాలపురపు సముద్రతీరము కలదు. షోలాపురమున మగ్గముల వాడలు, ముంబయిలో కామాటీల పేరనే వెలసిన కామాటిపుర, యానామున గోదావరి యొడ్డు కలవు. ఆయా ఊళ్ల బంధువులు పంపిన పెండ్లిఫోటోలు నా సెల్‌ఫోనునందున్నవి. అన్నిటి వెనుకను అదే పచ్చని మరక, అవే వెలుగుచుక్కలు. అయిదు ప్రాంతముల తెలుగువారు ఒకే తోటలో పెండ్లాడినట్లున్నది. తాతగారి వెనుకనున్న గుడ్డసరస్సు మరల వచ్చినది. ఈమారు గుడ్డకు బదులు గాజుతో నేసినారు.

ఛాయాగ్రాహకునిపై నేరమంతయు మోపుట న్యాయము కాదు. డబ్బిచ్చి కోరువారు మసకనే కోరుచున్నారు. ఇల్లు ఇరుకు, సందు మురికి, గుమ్మము పాతది, అవి ఫోటోలో పడరాదని తల్లిదండ్రులే చెప్పుచుండగా నేను విన్నాను. ఉన్న ఊరిని చూచి సిగ్గుపడువానికి ఏ లెన్సు ఇచ్చి ప్రయోజనము? ఒక తండ్రి, తమ వీధి కనబడని చోట తీయుమని చెప్పి, ఆ వీధిలోనే తన ముత్తాత తవ్వించిన బావిని గూర్చి అరగంట నాకు చెప్పినాడు.

మొన్న జూలైలో ఇతడు మరల సెంట్రల్ కాలేజీకి ఒక విద్యార్థిని తీయబోవుచు నన్ను పిలిచెను. నామాటపై రెండు విధములుగా తీసినాడు. మొదటిది తన యలవాటు చొప్పున. రెండవది 35 మిల్లీమీటర్ల లెన్సుతో, నాలుగు మీటర్ల వెనుకకు జరిగి. చెత్తతొట్టి ఈమారు చెట్టుబోదె వెనుకకు పోయినది. బాలుని ముఖము చిన్నదైనది గాని తేటగా నున్నది. అతని తలపై గడియారపు గోపురము ఎనిమిదింపావు చూపుచున్నది. ఇంటివారు రెండింటిని చూచి మొదటిదానిని పెద్దదిగా అచ్చువేయించి గోడకు తగిలించిరి. రెండవది వారికి వలదన్నారు. దానిని నేను అడిగి పుచ్చుకొని, వెనుక పెన్సిలుతో బాలుని పేరు, స్థలము, తేదీ వ్రాసి, మా యింటి ఇనుపపెట్టెలో బాక్సు కెమేరా చిత్రము ప్రక్కన ఉంచితిని.